విశాఖలో ఇన్‌స్టంట్ ఫిల్ముతో ఫొటో క్లబ్బు పెట్టుకోవడం ఎలా

ఫొటోగ్రఫీ క్లబ్బు పెట్టాలని అనుకున్నవారు మన ఊళ్లో మొదట వాట్సాప్‌లో ఒక గ్రూపు తెరుస్తారు. ఆ గ్రూపులో రెండు వారాల పాటు కైలాసగిరి మీది సూర్యోదయాలూ రుషికొండ అలలూ వరుసగా వస్తాయి, ఆ తరువాత పండుగ శుభాకాంక్షలు వస్తాయి, మూడో నెలకు ఎవరూ ఏమీ పంపరు. నేను అటువంటి గ్రూపులు రెండింటిలో ఉన్నాను. మూడోసారి మేము అయిదుగురం ఆర్కే బీచ్‌లో కలుసుకున్నప్పుడు మాలో ఒకరి దగ్గర, తీసిన ఫొటోను అక్కడే ప్రింటుగా బయటికి ఇచ్చే ఇన్‌స్టాక్స్ మినీ కెమెరా, దానికి పది ఫొటోల ఫిల్ము ప్యాక్ ఒకటి ఉన్నాయి. ఆ ఉదయం తీసిన పది ఫొటోలనూ టీ కొట్టు బల్ల మీద పరిచి, టీ రెండుసార్లు తెప్పించుకుని, ఎండ ముదిరేదాకా మాట్లాడుకున్నాము. తరువాతి నెల ఎప్పుడు కలుద్దామన్న ప్రశ్నకు ఎవరూ తడుముకోలేదు.

ఇన్‌స్టంట్ ఫిల్ములో మన చేతికి వచ్చే ప్రింటు ఒక్కటే. దాచుకుని మళ్లీ ప్రింటు వేయించుకోవడానికి విడిగా నెగెటివ్ ఉండదు. ఒకరు చూస్తూ ఉంటే మిగిలినవారు తమ వంతు వచ్చేదాకా ఆగాలి, చూసినవారు ఏదో ఒక మాట అనకుండా దానిని పక్కవారికి అందించలేరు. క్లబ్బుకు కావలసిన సంభాషణ అలా దానంతట అదే మొదలవుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: ఫొటోలో ఉన్న మనిషికి ఆ ఫొటోను అక్కడికక్కడే ఇచ్చి రావచ్చు. క్లబ్బు ఊరితో కలిసిపోవాలంటే ఇంతకు మించిన దారి లేదని నా గట్టి నమ్మకం కనుక, ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ ఈ ఒక్క పనికి అనువుగా చెబుతున్నవే.

ఫిల్ము లోపల జరిగేది

కెమెరా కొనే ముందు ఆ ఫిల్ము ఎలా పని చేస్తుందో తెలుసుకుంటే సగం తప్పులు ముందే తప్పుతాయి. 1943లో అమెరికాలోని శాంటా ఫేలో సెలవులు గడుపుతున్నప్పుడు, తీసిన ఫొటోను ఇప్పుడే ఎందుకు చూడకూడదని తన చిన్న కూతురు అడిగిన ప్రశ్నే తన పరిశోధనకు మూలమని ఇన్‌స్టంట్ కెమెరాల కంపెనీ పోలరాయిడ్ వ్యవస్థాపకుడు ఎడ్విన్ లాండ్ చెప్పుకున్నాడు. ఆయన 1947 ఫిబ్రవరిలో న్యూయార్కులో ఈ పద్ధతిని శాస్త్రవేత్తల ముందు ప్రదర్శించాడు, 1948 నవంబరులో బోస్టన్‌లో తొలి కెమెరా అమ్మకానికి వచ్చింది. ఒకే కాగితంగా బయటికి వచ్చి, మన కళ్ల ముందు, వెలుతురులోనే బొమ్మ కట్టే ఫిల్ము మాత్రం 1972 నాటి ఎస్‌ఎక్స్-70 కెమెరాతో వచ్చింది. 2008లో పోలరాయిడ్ ఫిల్ము తయారీ మానుకున్నప్పుడు కొందరు అభిమానులు నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే కర్మాగారంలో యంత్రాలను దక్కించుకుని ఫిల్మును తిరిగి తయారు చేయగలిగారు. నేడు దొరికే పోలరాయిడ్ ఫిల్ము ఆ పట్టుదల ఫలితమే. ఫ్యూజీఫిల్మ్ వారి ఇన్‌స్టాక్స్ 1998లో వచ్చింది.

ప్రింటుకు ఒక వైపున వెడల్పుగా ఉండే తెల్లటి అంచులో రసాయనపు ముద్ద నింపిన సన్నని సంచీ ఉంటుంది. ఫొటో తీయగానే ఫిల్ము రెండు రోలర్ల నడుమ నుంచి నలుగుతూ బయటికి వస్తుంది. ఆ ఒత్తిడికి సంచీ చితికి, ముద్ద పొరల మధ్య పలచగా, సమంగా పరుచుకుంటుంది. ఏ రంగు ఎక్కడ ఎంత పైకి తేలాలో అంతకు ముందే పడిన వెలుతురు నిర్ణయించి ఉంటుంది. ఇన్‌స్టాక్స్‌లో బొమ్మ సుమారు 90 సెకన్లలో తేలుతుంది. పోలరాయిడ్ రంగుల ఫిల్ముకు పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది.

ఇది తెలిస్తే ప్రింటును విసనకర్రలా ఊపడం ఎందుకు కూడదో విడిగా చెప్పనక్కర లేదు. ఊపితే బొమ్మ త్వరగా రాదు సరికదా, లోపల ముద్ద ఇంకా తడిగా ఉన్నందున పొరలు విడి మచ్చలు పడవచ్చు. ఫిల్ము బయటికి వచ్చే సందుకు వేలు అడ్డం పెడితే ముద్ద సమంగా పరుచుకోక గీతలు పడతాయి. మన సముద్రపు ఒడ్డున ఇంకొక చిక్కు ఇసుక: రోలరు మీద ఒక్క రేణువు అంటుకున్నా ప్రతి ఫొటోలోనూ ఒకే చోట అదే మచ్చ కనిపిస్తూ ఉంటుంది. పోలరాయిడ్ కెమెరాలలో ప్యాక్ మార్చిన ప్రతిసారీ రోలర్లను కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఇన్‌స్టాక్స్ కెమెరాకైతే సందు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, బీచ్‌లో ఉన్నంతసేపూ ఫొటో తీయని సమయంలో సంచిలోనే ఉంచాలి. ఆ ముద్ద క్షారగుణం కలది, కనుక ప్రింటును కత్తిరించకూడదు. పొరపాటున చేతికి అంటితే వెంటనే నీళ్లతో బాగా కడుక్కోవాలి, చిన్న పిల్లల నోటికి అందనివ్వకూడదు.

మన ఎండకు ఏ ఫిల్ము

విశాఖలో క్లబ్బు మొదలుపెట్టేవారికి నేను ఇన్‌స్టాక్స్‌నే సూచిస్తాను, కారణం మన వాతావరణమే. ఇన్‌స్టాక్స్ 5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య పని చేస్తుంది. పోలరాయిడ్ ఫిల్ముకు 13 నుంచి 28 డిగ్రీలు కావాలి; అంతకంటే వేడిగా ఉంటే బొమ్మ పసుపుగానో ఎర్రగానో తిరుగుతుంది, చల్లగా ఉంటే నీలి ఛాయ వస్తుంది. మన ఊళ్లో 28 డిగ్రీల లోపు పగళ్లు డిసెంబరు, జనవరి నెలల ఉదయాలలో తప్ప అరుదు. పోలరాయిడ్ బొమ్మలోని మెత్తదనం వేరేదేనని ఒప్పుకుంటాను, దానిని చలికాలపు ప్రత్యేక కలయికకు దాచుకోవడం మేలు.

ఇన్‌స్టాక్స్ మూడు కొలతలలో దొరుకుతుంది. మినీలో బొమ్మ 62 × 46 మిల్లీమీటర్లు, స్క్వేర్‌లో 62 × 62, వైడ్‌లో 99 × 62. మినీ ప్రింటు అంచులతో కలిపి 86 × 54 మిల్లీమీటర్లు, అంటే అచ్చంగా ఏటీఎం కార్డంత. దీనివల్ల క్లబ్బుకు కలిగే సదుపాయం చిన్నదేమీ కాదు: విజిటింగ్ కార్డులు పెట్టుకునే ఆల్బమ్‌లలో ఏటీఎం కార్డు పట్టే అరలు ఉన్న దానిని స్టేషనరీ కొట్టులో ఎంచుకుంటే అదే క్లబ్బు ఆల్బమ్ అవుతుంది, ఫొటో అందుకున్నవారు దానిని పర్సులో పెట్టుకుని వెళతారు. అందువల్ల మొదటి కెమెరా మినీ అయితే చాలు. ఎర్రమట్టి దిబ్బల వంటి విశాలమైన దృశ్యాలకు వైడ్ బాగుంటుంది కానీ అది రెండో సంవత్సరపు కొనుగోలు.

ఫిల్ము కొనేటప్పుడు పెట్టె మీది గడువు తేదీ చూడాలి. గడువు దాటిన ఫిల్ములో రంగులు వెలిసిపోయి తేలిక పడతాయి, ఎవరైనా ఉచితంగా ఇస్తే సాధనకు వాడుకోవచ్చు. వేసవిలో ప్యాకులను ఫ్రిజ్‌లో, గడ్డ కట్టని అరలో పెట్టుకోవచ్చు. అయితే చల్లటి ప్యాక్‌ను బయటికి తీసిన వెంటనే చింపితే మన సముద్రపు గాలిలోని తేమ దాని మీద మంచులా పట్టేస్తుంది, కనుక ముందు రోజు రాత్రే బయట పెట్టి, కెమెరాలో వేసే ముందు మాత్రమే రేకు చించాలి. ఎండలో ఆపిన స్కూటరు డిక్కీలో గానీ కారు డ్యాష్‌బోర్డు మీద గానీ ఫిల్ము ఎప్పుడూ ఉండకూడదు. ఒక మే నెలలో నేను డిక్కీలో మరచిన ప్యాక్‌లోని పది ఫొటోలూ వెలిసిన క్యాలెండరు బొమ్మల్లా వచ్చాయి, అందులో ఒక ముసలాయన కోరి తీయించుకున్న ఫొటో కూడా ఉండడం నాకు ఇప్పటికీ బాధే.

ప్యాక్‌ను అంచులు పట్టుకుని, దాని మీది పసుపు గీత కెమెరాలోని పసుపు గుర్తుకు కలిసేలా వేయాలి, వెనుక ఉన్న కన్నాలను నొక్కకూడదు. మూత వేసి బటను నొక్కితే మొదట ఒక నల్లటి రక్షణ కాగితం బయటికి వస్తుంది, ఆ తరువాతివే ఫొటోలు. పదీ అయిపోయేవరకు వెనుక మూత తీయకూడదన్న నియమాన్ని కెమెరా మీద చీటీ రాసి అంటించండి; కొత్తవారు కుతూహలం కొద్దీ తెరిస్తే మిగిలిన ఫిల్ముకు వెలుతురు సోకి పాడవుతుంది.

అయిదుగురికి ఒక ప్యాక్

క్లబ్బు లెక్క అంతా ప్యాక్‌లోని పది ఫొటోల మీదే కుదురుతుంది. అయిదుగురికి ఒక కెమెరా, ఒక ప్యాక్, మనిషికి రెండు ఫొటోలు. పదిమంది వస్తే రెండు జట్లు, పదిహేను మంది వస్తే మూడు. మనిషికి రెండే అన్నప్పుడు చేతిలో ఫోను ఉన్నప్పటి తొందర పోతుంది, నడకలో మొదటి అరగంట చాలామంది కేవలం చూస్తూ తిరుగుతారు. ఆ రెండింటిలో మొదటిది ఫొటోలో ఉన్న మనిషికి ఇచ్చివేయాలి, రెండోది క్లబ్బు ఆల్బమ్‌లోకి వెళ్లాలి. తీసినవారికి ఏమీ మిగలదా అని కొత్త సభ్యులు అడుగుతారు. ఇచ్చే ముందు ఆ ప్రింటును ఫోనుతో ఒక కాపీ తీసుకోవచ్చని చెప్పండి, ఒక్కసారి తమ చేత్తో ఇచ్చిన తరువాత ఆ ప్రశ్న మళ్లీ అడగరు.

బొమ్మ తేలడానికి పట్టే ఆ ఒకటిన్నర నిమిషం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. తెల్లగా ఉన్న కాగితాన్ని వారి అరచేతిలోనే పెట్టి, ఎండ తగలకుండా రెండో చేత్తో కప్పమని చెబితే, ఇద్దరూ దాని వైపే చూస్తూ మాటల్లో పడతారు. పేరు, ఊరు, పని, పిల్లల చదువులు అన్నీ ఆ కాస్త వ్యవధిలో తెలుస్తాయి. ఫొటో తీసే ముందు అనుమతి అడగడం, పిల్లలైతే తల్లిదండ్రులను అడగడం, వద్దంటే నవ్వి ముందుకు సాగడం క్లబ్బు నియమంగా మొదటి రోజే చెప్పాలి.

ఖర్చు విషయంలో మొహమాటం పనికి రాదు. ప్యాక్ కొన్న ధరను పదితో భాగించి, తన రెండు ఫొటోల వాటాను ప్రతి ఒక్కరూ నడక మొదలయ్యే ముందే ఇచ్చేయాలి, ఒకరు నోటు పుస్తకంలో రాయాలి. విద్యార్థులు ఇవ్వలేకపోతే ఉద్యోగాలు చేసేవారు వారి వాటా కట్టవచ్చు, కానీ అది కూడా పుస్తకంలో చేరాలి. కెమెరాను అందరూ చందా వేసుకుని కొంటే నెలకొకరి ఇంట్లో ఉంచండి, దాచేటప్పుడు బ్యాటరీలు తీసివేయండి.

కలిసే రోజు ప్రతి నెలా మారకూడదు. రెండో ఆదివారం అనుకుంటే వానొచ్చినా పెళ్లిళ్లున్నా అదే రోజు, ముగ్గురే వచ్చినా సరే. సమయం మాత్రం స్త్రీలను అడిగి నిర్ణయించడం మంచిది. వెలుతురు బాగుంటుందని తెల్లవారుజామున అయిదింటికే పెట్టిన కలయికలకు ఇంటి పనులున్నవారు, దూరం నుంచి బస్సులో రావలసినవారు రాలేరు. నెల విడిచి నెల సాయంత్రం పెడితే వస్తారు.

తీసిన తరువాత ఒక గంట కూర్చోవడం తప్పనిసరి చేయండి. ఆల్బమ్‌కు వచ్చిన ప్రింట్లను బల్ల మీద పరిచి, అందరూ చూసేవరకు ఎవరూ మాట్లాడకుండా, తరువాత ఒక్కొక్క ఫొటో గురించి మిగిలినవారు చెప్పాక చివరగా మాత్రమే తీసినవారు మాట్లాడాలి. ముందుగా తీసినవారే వివరిస్తే మిగతావారు ఆ వివరణనే చూస్తారు, ఫొటోను చూడరు. ప్రింటు అంచు మీద చెరగని మార్కరు పెన్నుతో తేలికగా తేదీ, చోటు, తీసినవారి పేరు రాయండి, బాల్ పెన్నుతో ఒత్తి రాయకండి. అదే రోజు ప్రింట్లన్నిటినీ ఫోనుతో గానీ స్కానరుతో గానీ కాపీ తీసి పెట్టుకోవాలి, ఆల్బమ్ పోతే మళ్లీ రాదు.

వెలుతురు, దూరం, ఊరి చోట్లు

మొదటి నడకకు ఆర్కే బీచ్ సరిపోతుంది. మనది తూర్పు తీరం కనుక సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఉదయం పూట మీరు సముద్రానికి వీపు పెట్టి నిలబడి, ఎదుటి మనిషిని సముద్రం వైపు చూడమంటే ముఖం మీద వెలుతురు నిండుగా పడుతుంది. సముద్రమే వెనుక కనిపించాలంటే సాయంత్రం రావాలి, అప్పుడు ఎండ ఊరి వైపు నుంచి వచ్చి ముఖానికి తగులుతుంది. ఈ రెండూ తారుమారు చేస్తే మనుషులు నల్లటి నీడలవుతారు. ఇన్‌స్టంట్ ఫిల్ము ఒకే ఫొటోలో గట్టి ఎండనూ చిక్కటి నీడనూ రెండింటినీ పట్టుకోలేదు, నడినెత్తి ఎండలో తెల్ల చొక్కా ఉత్త తెలుపుగా మిగిలిపోతుంది. సూర్యుడిని నేరుగా తీస్తే ఒక్కోసారి అది బొమ్మలో నల్లటి చుక్కగా కనిపించి కొత్తవారిని కంగారు పెడుతుంది. అది కెమెరా లోపం కాదు, వెలుతురు మరీ ఎక్కువైనప్పుడు ఫిల్ము చూపే గుణం.

దూరం సంగతి కూడా అక్కడే నేర్పవచ్చు. మినీ 8, 9 వంటి మోడళ్లలో ఫోకస్ మార్చే వీలుండదు, 60 సెంటీమీటర్ల అవతల ఉన్నవన్నీ స్పష్టంగా వస్తాయి. పూలు కొలిచే లెక్కన చెప్పాలంటే మూరన్నర దూరం దాటి నిలబడాలి. దగ్గరి నుంచి తీసేటప్పుడు మనం చూసే కిటికీ, లెన్సు పక్కపక్కన ఉన్నందువల్ల తల మీది భాగమో చెవో తెగిపోతుంది. ఫ్రేములో కాస్త ఖాళీ వదలడమే దీనికి మందు. ఫ్లాష్ మోడల్‌ను బట్టి సుమారు 2.2 నుంచి 2.7 మీటర్ల వరకే అందుతుంది. 8, 9 వంటి పాత మినీ కెమెరాలలో వెలుతురును బట్టి చక్రం మనమే తిప్పాలి, 11, 12 మోడళ్లలో కెమెరాయే చూసుకుంటుంది. బీచ్ రోడ్డు మీది కుర్సురా జలాంతర్గామి, 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పని చేసి 2002 నుంచి మ్యూజియంగా ఉన్నది, బయటి నుంచి మినీ ఫ్రేములో పట్టదు. దాని ముందు నిలబడిన కుటుంబాన్ని తీసి వారికే ఇవ్వడం మంచి సాధన.

రెండో నెల పాతబస్తీకి వెళ్లండి. కురుపాం మార్కెట్, బురుజుపేటలో కనకమహాలక్ష్మి గుడి దారి, ఒకదాని పక్కన ఒకటిగా చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు కొండలు ఒక ఉదయానికి సరిపోయి ఇంకా మిగులుతాయి. అయితే ఆ కొండల మీది నుంచి ఓడరేవు వైపు కెమెరా తిప్పకుండా ఉండడం మంచిది. మనది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. నౌకాదళ స్థావరం, దాని ఓడలు, వైమానిక స్థావరం, రేవు లోపలి భాగాలు ఫొటోలకు నిషిద్ధమని, బోర్డు ఉన్నా లేకపోయినా అనుమానం వస్తే తీయకూడదని కొత్త సభ్యులకు ముందే చెప్పాలి.

చేపల రేవుకు మాత్రం తొందరపడి మొదటి నెలలోనే వెళ్లకండి. పని వేళలో, వేలం గోలలో, తడి నేల మీద పదిమంది కెమెరాలతో అడ్డం తిరిగితే అక్కడివారికి విసుగు రావడం న్యాయమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండి మరబోట్లు ఒడ్డున ఉంటాయి. అప్పుడు వలలు బాగు చేసుకుంటూ, బోట్లకు రంగులు వేసుకుంటూ ఉండేవారికి మాట్లాడే తీరిక ఉంటుంది, ఆ రంగులు ఇన్‌స్టాక్స్‌లో ఎంతో బాగా వస్తాయి. ఆ రెండు నెలల్లో ఫొటోలు అందుకున్నవారు తరువాత వేట రోజుల్లో మిమ్మల్ని పేరు పెట్టి పలకరిస్తారు.

ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్ల నడక, అందులో ఎక్కువ భాగం రాత్రే సాగుతుంది. దారిలో ఒకచోట స్థిరంగా నిలబడి, ఆగి నీళ్లు తాగేవారిని ఫ్లాష్ అందే దూరంలో తీసి ఇవ్వడం తేలిక. చలికాలంలో లంబసింగికి వెళితే 5 డిగ్రీల లోపు చలిలో బొమ్మ సరిగా తేలదు. ప్రింటును వెంటనే స్వెట్టరు లోపలి జేబులో పెట్టి, ఒంటి వెచ్చదనం తగిలేలా కొన్ని నిమిషాలు ఉంచాలి.

క్లబ్బు పేరుతో బ్యాంకు ఖాతా, హాలు అద్దె వంటివి అవసరమైనప్పుడే రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే సంఘంగా నమోదు చేసుకోవచ్చు. ఏడాది పాటు ఆగకుండా కలుసుకున్న తరువాత ఈ పని మొదలుపెడితే నియమావళి రాయడం సులభం, ఎందుకంటే అప్పటికి నియమాలన్నీ ఆచరణలో ఉంటాయి.

మొదటి ప్రదర్శనను ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవమైన ఆగస్టు 19కి దగ్గరి ఆదివారం పెట్టుకోవచ్చు. ఫ్రేములు కట్టించనక్కర లేదు, పురికొస తాడు కట్టి బట్టల క్లిప్పులతో ప్రింట్లను తెల్లటి అంచు దగ్గర పట్టిస్తే చాలు. అది వానల కాలం కనుక కప్పు ఉన్న చోటనే, ఎండ నేరుగా పడని గోడకు కట్టాలి. చీకటి పడక ముందే ప్రింట్లను విప్పి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు ఆల్బమ్‌లో తిరిగి పెట్టాలి. పిలుపులు మాత్రం ఏడాది పొడవునా మొదటి ప్రింట్లు అందుకున్నవారికి ముందుగా, మీరే స్వయంగా వెళ్లి చెప్పండి.